ఇటుకలో గడ్డి ఎందుకు? ఐగుప్తు తవ్వకాలు చెప్పే బైబిలు కాలపు బతుకులు

ఆదివారం_బడి (ఆదివారం, రాత్రి 8:50)

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మా ఊరి సంఘంలో ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ వారం నిర్గమకాండము అయిదో అధ్యాయం. ఫరో గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు, జనం పొలాల వెంట తిరిగి కొయ్యకాలు ఏరుకున్నారు అని చెబుతున్నాను. ఏడో తరగతి పిల్లవాడు లేచి, "టీచర్, ఇటుకలో గడ్డి ఎందుకు వేస్తారు? కాల్చితే అది మాడిపోతుంది కదా" అన్నాడు. వాళ్ల నాన్న ఇటుకల బట్టీలో పని చేస్తాడు.

ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. వచ్చే వారం చెబుతానని వాడికి మాట ఇచ్చాను.

తెలిసినవారు చెప్పండి. ఇంకొక కోరిక. ఐగుప్తు తవ్వకాల్లో దొరికిన వస్తువులను బట్టి ఆ కాలపు మామూలు మనుషులు ఏం తిన్నారో, ఏ పని చేశారో, పిల్లలను ఎలా కన్నారో తెలుస్తుందా? బంగారు ముసుగుల సంగతి పిల్లలు టీవీలో చూశారు. నాకు కావలసింది అది కాదు.

మట్టిపని (ఆదివారం, రాత్రి 9:35)

టీచర్ గారూ, ఆ పిల్లవాడు పని తెలిసిన ఇంటి బిడ్డ కాబట్టి సరిగ్గా పట్టుకున్నాడు. మాది మండపేట వైపు. మా తాత కాలం నుంచి ఇటుకల పనే.

మనం బట్టీలో పేర్చి కాల్చే ఇటుక వేరు. ఐగుప్తులో ఇళ్లకూ కోటగోడలకూ వాడింది కాల్చని ఇటుక. అచ్చులో కోసి ఎండలో ఆరబెడితే పని అయిపోతుంది. అక్కడ వాన దాదాపు లేదు కాబట్టి పచ్చి ఇటుక గోడ కరిగిపోదు. కాల్చరు కాబట్టి గడ్డి మాడిపోయే ప్రశ్నే రాదు.

ఇక గడ్డి ఎందుకంటే, నైలు వరద తెచ్చే ఒండ్రు బాగా మెత్తనిది. అలాంటి మట్టి ఆరేటప్పుడు కుదించుకుపోతుంది. పైపొర ముందు ఆరి, లోపలి తడి తరువాత ఆరితే ఇటుక నిలువునా చీలుతుంది. సన్నగా తరిగిన గడ్డి కలిపితే మట్టిని లోపలినుంచి పట్టి ఉంచుతుంది, తడి కూడా అంతటా సమానంగా బయటికి వస్తుంది. గడ్డి నానిన నీటితో మట్టికి జిగురు కూడా వస్తుంది. మన పాత మట్టిగోడలకు వరిగడ్డి ముక్కలు చల్లి రెండు రోజులు తొక్కేవారు, గుర్తుందా? అదే సంగతి.

కొయ్యకాలు అన్నారే, ఆ మాట దగ్గర మీ పిల్లలను ఒక నిమిషం ఆపండి. కళ్లంలో నూర్చాక మిగిలే గడ్డి మెత్తగా, ముక్కలై, సిద్ధంగా ఉంటుంది. కొయ్యకాలు అలా కాదు. కోత కోశాక నేలలో వేళ్లతో మిగిలిపోయిన మొదళ్లు అవి. వంగి పీకాలి, మట్టి దులపాలి, మోసుకు రావాలి, మళ్లీ సన్నగా తరగాలి. ఇంత చేశాక గాని మట్టి కలపడం మొదలు కాదు. అయినా సాయంత్రానికి ఇటుకల లెక్క అంతే ఉండాలన్నారు. ఆ వాక్యం చదివితే నాకు నడుము నొప్పి పుడుతుంది.

ప్రాచీనలిపి (ఆదివారం, రాత్రి 10:20)

మట్టిపని గారు చెప్పిన పని అంతా బొమ్మగా ఉంది. దక్షిణ ఐగుప్తులో లక్సోరు దగ్గర, నైలు పడమటి ఒడ్డున రెఖ్మిరే అనే మంత్రి సమాధి ఉంది. మూడో తుత్‌మోస్ రాజు దగ్గర పనిచేశాడు, అంటే క్రీస్తుపూర్వం 1450 ప్రాంతం. లోపలి గోడమీద ఇటుకల పని మొదటినుంచి చివరిదాకా గీశారు.

చెట్ల నడుమ చదరంగా ఒక నీటిగుంట. ఇద్దరు మనుషులు కుండలతో నీళ్లు ముంచుతున్నారు, ఒకడు మోకాళ్లలోతున దిగాడు. పక్కన పొట్టి పిడి పారలతో మట్టి కలుపుతున్నారు. ఒకడు వంగి చెక్క అచ్చులో మట్టి నింపి, అచ్చు పైకి తీస్తున్నాడు. ఆరుతున్న ఇటుకలు వరుసగా నేలమీద ఉన్నాయి. ఇంకొకడు భుజాన కావడి వేసుకుని రెండువైపులా ఇటుకలు మోస్తున్నాడు. అక్కడే బెత్తం పట్టుకుని ఒక కాపలాదారు. పైన రాసిన చిత్రలిపిలో అతని మాట ఉంది. బెత్తం నా చేతిలో ఉంది, సోమరిగా ఉండవద్దు అని దాని భావం.

నిర్గమకాండములో ఫరో పదేపదే అనే మాట కూడా "మీరు సోమరులు" అనే కదా. ఆ గోడమీది మాట మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

ఆదివారం_బడి (ఆదివారం, రాత్రి 10:31)

మట్టిపని గారూ, ఒక ఉపాయం చెప్పండి. పిల్లలతో రెండు ఇటుకలు చేయించవచ్చా? ఒకటి గడ్డితో, ఒకటి గడ్డి లేకుండా. వారం రోజుల్లో ఆరుతాయా?

మట్టిపని (ఆదివారం, రాత్రి 10:40)

తప్పకుండా చేయించండి. చెరువు మట్టి గాని నల్లరేగడి గాని తీసుకోండి, ఇసుక కలపకండి. అచ్చు లేకపోతే అడుగు తీసేసిన చెక్కపెట్టె చాలు. గడ్డి వేలెడు ముక్కలుగా తరగండి. మొదటి రోజు నీడలో ఉంచి తరువాత ఎండలో పెట్టడం మంచి పద్ధతి. కానీ మీకు తేడా కనబడాలి కాబట్టి రెండింటినీ నేరుగా ఎండలో పెట్టండి.

కర్నూలు_యోహాను (సోమవారం, ఉదయం 6:15)

ప్రాచీనలిపి అన్నయ్యా, రెఖ్మిరే గోడ గురించి చదివి రాత్రి నిద్ర పట్టలేదు. 1 రాజుల గ్రంథం ఆరో అధ్యాయంలో దేవాలయం కట్టడానికి 480 ఏళ్ల ముందు జనం బయటికి వచ్చారని ఉంది. ఆ లెక్కన సరిగ్గా అదే కాలం. బెత్తం, ఇటుకలు, సోమరులనే తిట్టు, అన్నీ సరిపోతున్నాయి. మరి ఇది ఇశ్రాయేలీయుల బొమ్మే అని పండితులు ఎందుకు ఒప్పుకోరు? ఇంకా ఏం రుజువు కావాలి?

ప్రాచీనలిపి (సోమవారం, ఉదయం 9:05)

తమ్ముడూ, నీ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ గోడమీద ఏముందో అదే చెప్పాలి. ఆ పనివాళ్లు ఎవరో ఆ రాతలోనే ఉంది. రాజు యుద్ధాల్లో పట్టి తెచ్చిన బందీలు వాళ్లు, దక్షిణాన నూబియా వాళ్లూ ఉత్తరాన సిరియా వైపు వాళ్లూ. కర్ణక్‌లో అమున్ దేవుడి గుడికోసం ఇటుకలు చేస్తున్నారు. హెబ్రీయులు అన్న మాట అక్కడ లేదు. మనం చేర్చకూడదు.

ఇశ్రాయేలు పేరు ఐగుప్తు రాతలో కనబడేది మెర్నెప్తా అనే ఫరో శిలాశాసనంలో. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త లక్సోరు పడమటి ఒడ్డున, మెర్నెప్తా గుడి శిథిలాల్లో దాన్ని కనుగొన్నాడు. మనిషి ఎత్తుకు దాదాపు రెండింతలుండే నల్లరాయి. క్రీస్తుపూర్వం 1208 ప్రాంతానిది. ఇప్పుడు కైరోలో ఉంది. చాలా భాగం లిబియా వాళ్లమీద గెలుపు గురించే. చివరి వరుసల్లో కనాను వైపు జయించినవాటి పేర్లు చెబుతూ అష్కెలోను, గెజెరు, యానోయాము, ఆ తరువాత ఇశ్రాయేలు అని రాశారు. ఇశ్రాయేలు పాడైంది, దాని విత్తనం లేదు అన్నారు.

ఇందులో ఒక చిన్న గుర్తును గమనించు. చిత్రలిపిలో ప్రతి పేరు చివరా అది ఏ రకం మాటో చెప్పే బొమ్మ ఒకటి వేస్తారు. మిగతా మూడు పేర్లకూ పరాయి దేశపు నేల అని చెప్పే గుర్తు ఉంది. ఇశ్రాయేలు పేరు చివర మాత్రం కూర్చున్న పురుషుడు, కూర్చున్న స్త్రీ, వాళ్ల కింద మూడు గీతలు. అంటే జనం అని అర్థం. కోట, రాజధాని లేకపోయినా, ఒక జనంగా వాళ్లు ఐగుప్తు లేఖకుడి చెవిన పడ్డారు. లేఖకుడి చేతి అలవాటులో నుంచి వచ్చిన ఆ చిన్న బొమ్మ నాకు ఆ రాయి మొత్తంకన్నా ఎక్కువ చెబుతుంది.

కర్నూలు_యోహాను (సోమవారం, మధ్యాహ్నం 1:10)

ఒప్పుకుంటాను అన్నయ్యా. అయినా ఒక మాట. ఏ రాజూ తన ఓటమిని గుడి గోడమీద చెక్కించుకోడు. మోషే పేరు ఐగుప్తు రాతల్లో లేదంటే అది జరగలేదని అర్థం కాదు. అది కూడా చెప్పండి.

ఇంకొకటి అడుగుతాను. ఎర్రసముద్రం అడుగున రథచక్రాలు దొరికాయని ఫోటోలు మా సంఘం గుంపులో తిరుగుతున్నాయి. వాటి సంగతి ఏమిటి?

ప్రాచీనలిపి (సోమవారం, మధ్యాహ్నం 2:25)

నువ్వు అన్నది న్యాయమే. రాయలేదు కాబట్టి జరగలేదు అనడం తర్కం కాదు. అలాగే రాయలేదు కాబట్టి దాచేశారు అనడం కూడా రుజువు కాదు.

రథచక్రాల ఫోటోలను పిల్లల ముందు పెట్టవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. అక్కడ నుంచి పైకి తీసి, పురావస్తు శాస్త్రవేత్తలు పరీక్షించి, ఏ మ్యూజియంలోనైనా పెట్టిన చక్రం ఒక్కటీ లేదు. రేపు ఆ పిల్లలు పెద్దవాళ్లయి అది కల్పితమని తెలుసుకుంటే, వాళ్లు మనం చెప్పిన నిజాలను కూడా నమ్మరు. నిజంగా దొరికినవే కావలసినన్ని ఉన్నాయి.

ఎడారి_దారి (సోమవారం, రాత్రి 11:40)

నేను మూడేళ్లు కైరోలో ఉద్యోగం చేశాను. సెలవు దొరికితే లక్సోరు వెళ్లేవాణ్ణి. రెండో రామెసేసు గుడి రామెసియం వెనుక పచ్చి ఇటుకలతో కట్టిన గిడ్డంగులు ఇప్పటికీ ఉన్నాయి. పైకప్పు కమానులు కూడా కొన్నిచోట్ల నిలబడి ఉన్నాయి. ఎండవేళ ఒక గోడ దగ్గర కూర్చుని ఇటుకను దగ్గరగా చూశాను. బూడిదరంగు మట్టిలో పసుపుపచ్చని గడ్డిపరకలు, కొన్ని తెగిన చివర్లతో సహా కనబడ్డాయి. మూడువేల రెండువందల ఏళ్ల నాటి గడ్డి. అది యాత్రికులు ఫోటో తీసే చోటు కాదు. అందరూ పడిపోయిన పెద్ద విగ్రహం దగ్గరే ఉంటారు.

టీచర్ గారు మామూలు మనుషుల గురించి అడిగారు కాబట్టి, అక్కడికి దగ్గర్లోని డేర్ ఎల్ మెదీనా గురించి చెప్పాలి. రాజుల సమాధులు తొలిచి రంగులు వేసిన పనివాళ్ల ఊరు అది. వాళ్లు బానిసలు కారు, జీతగాళ్లు. జీతం అంటే గోధుమ, బార్లీ. నీళ్లు కూడా గాడిదలమీద మోయించి ఇచ్చేవారు. కాగితం బదులు సున్నపురాయి పెంకులమీద లెక్కలు, ఉత్తరాలు, గొడవలు రాసుకున్నారు. అలాంటివి వేలకొద్దీ దొరికాయి.

వాటిలో ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండో రామెసేసు ఏలుబడిలో 40వ ఏటి హాజరుపట్టీ. నలభైమంది పేర్లు, ఎవరు ఏ రోజు పనికి రాలేదో నల్లసిరాతో, ఎందుకు రాలేదో పైన ఎర్రసిరాతో. తేలు కుట్టింది. కళ్ల జబ్బు. సోదరుడి శవానికి గుడ్డలు చుట్టాలి. బీరు కాస్తున్నాడు. కూతురికి రక్తస్రావం. ఒకడు ఇంకొక పనివాడికి మందు తయారు చేస్తూ పనికి రాలేదు. మా నాన్న పంచాయతీరాజ్ శాఖలో మేస్త్రీల హాజరు రాసేవారు. ఆ పుస్తకాల్లో కూడా ఇవే కారణాలు ఉండేవి. కొన్ని అక్షరాలా ఇవే.

మూడో రామెసేసు 29వ ఏట, అంటే క్రీస్తుపూర్వం 1157 ప్రాంతంలో, ఈ ఊరివాళ్లకు రేషను ఆగిపోయింది. పనిముట్లు పడేసి, కాపలా గోడలు దాటి వెళ్లి, గుడి వెనుక కూర్చున్నారు. ఇటలీలో తురిన్ నగరంలో ఉన్న ఒక పపైరస్‌లో, అంటే నైలు జమ్ముతో చేసిన పాతకాలపు కాగితంలో, వాళ్ల మాట ఉంది. ఆకలికీ దాహానికీ తాళలేక వచ్చాం, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూరగాయలు లేవు, ఫరోకు రాయండి అన్నారు.

చేప, కూరగాయలు అన్న మాటలు చూడండి. సంఖ్యాకాండము 11లో అరణ్యంలో జనం ఏడ్చిందీ వాటికోసమే. ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, దోసకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు గుర్తొస్తున్నాయని ఏడ్చారు. చిన్నప్పుడు అది చదివి, ఇంతమాత్రానికా, బానిసత్వంలోకి తిరిగి వెళ్తారా అనుకునేవాణ్ణి. ఆ ఊరి రేషను లెక్కలు చూశాక అలా అనుకోలేకపోయాను. నైలు ఒడ్డున కూలివాడి భోజనం అంటే అదే. రొట్టె, చేప, ఉల్లిపాయ. ఇంటి తిండి గుర్తొచ్చి ఏడ్చారు. తెల్లగడ్డలు టుటన్‌ఖామున్ సమాధిలో కూడా దొరికాయి. రాజూ కూలివాడూ ఇద్దరూ తిన్నారు.

మంత్రసాని_మనవరాలు (మంగళవారం, ఉదయం 5:50)

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. విజయనగరం జిల్లాలో ప్రసూతి వార్డు నర్సును. మా అమ్మమ్మ మంత్రసాని.

అందరూ ఇటుకల గురించే రాశారు. నేనూ ఇటుక గురించే రాస్తాను, కానీ వేరే ఇటుక. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఫరో షిఫ్రా, పూయా అనే మంత్రసానులను పిలిచి, హెబ్రీ స్త్రీలను "కాన్పుపీటల" మీద చూసినప్పుడు మగబిడ్డ అయితే చంపమన్నాడు. ఆ పీటలు ఏమిటో మా అమ్మమ్మను అడిగితే "రెండు రాళ్లో, రెండు పీటలో, కాళ్లు పెట్టుకోవడానికి" అని చెప్పింది. ఆమె కాలంలోనూ కూర్చునే కనేవారట. మంచంమీద పడుకోబెట్టడం తరువాత వచ్చింది.

ఐగుప్తు స్త్రీలు ఇటుకలమీద కాళ్లు పెట్టి, గొంతుకూర్చుని కనేవారని వాళ్ల పాత రాతల్లో ఉంది. కానీ చాలాకాలం అసలు అలాంటి ఇటుక ఎవరికీ దొరకలేదు. 2001లో ఐగుప్తులోని అబైడోస్ దగ్గర పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తవ్వకాల్లో, పెద్ద అధికారి ఇంట్లో ఒకటి దొరికింది. సుమారు 3,700 ఏళ్ల నాటిది. పచ్చి ఇటుకే, దాదాపు అడుగు పొడవు. దానిమీద తల్లి, అప్పుడే పుట్టిన మగబిడ్డ బొమ్మ.

ఈ సంగతి ఒక పత్రికలో చదివిన రోజు అమ్మమ్మ బతికి లేదు. ఉంటే ఆమెకు చదివి వినిపించేదాన్ని. ఫరో చంపమన్నది ఎక్కడో అర్థం చేసుకోండి. బిడ్డను మొట్టమొదట పట్టుకునే చేతులతోనే చంపమన్నాడు. వాళ్లు చంపలేదు. నాకు ఆ కథలో అందరికంటే గొప్పవాళ్లు ఆ ఇద్దరే.

హడ్సన్_ఒడ్డు (మంగళవారం, రాత్రి 9:15)

అక్కా, షిఫ్రా పేరు చూసి రాయకుండా ఉండలేకపోయాను. న్యూజెర్సీలో ఉంటాను. బ్రూక్లిన్ మ్యూజియంలో ఒక పపైరస్ ఉంది. క్రీస్తుపూర్వం 1740 ప్రాంతం. దాని వెనుకవైపు ఒక ఇంటి పనివాళ్ల జాబితా, 95 పేర్లు. అందులో నలభైకి పైగా కనాను వైపు సెమిటిక్ పేర్లు, అంటే హెబ్రీకి దగ్గరి భాషల పేర్లు. ఆ పేర్లలో షిఫ్రా అనే పేరు కూడా ఉంది.

నిర్గమకాండములోని షిఫ్రా ఆమేనని ఎవరూ అనరు. కాలం కుదరదు, ఈమె పనిమనిషి. కానీ ఆ పేరు కథకోసం అల్లింది కాదనీ, ఐగుప్తులో పనిచేసే స్త్రీలు నిజంగా పెట్టుకున్న పేరనీ తెలుస్తుంది. ఆ జాబితాలో పరాయిదేశపు స్త్రీల్లో ఎక్కువమంది నేతపని చేసేవాళ్లు. మగవాళ్లలో వంటవాళ్లు, ఇంటి నౌకర్లు ఉన్నారు. ఇంకొకటి చూడండి. ఆ సెమిటిక్ పేర్ల పక్కనే వాళ్లకు పెట్టిన ఐగుప్తు పేర్లు కూడా రాశారు. ఫలానామె, ఇక్కడ ఆమెను ఇలా పిలుస్తారు అని. యోసేపుకు ఫరో జప్నత్పనేహు అనే పేరు పెట్టాడని ఆదికాండములో చదువుతాం కదా. అది పెద్ద పదవితో వచ్చిన మర్యాద అనుకునేదాన్ని. ఇళ్లలో పనిచేసేవాళ్లకు కూడా అదే జరిగింది.

నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు ఆఫీసులో నా పేరు పలకలేక కుదించి పిలిచారు. ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. అందుకే ఆ రెండు పేర్ల వరుసలు నాకు గుచ్చుకున్నాయి.

అదే మ్యూజియంలో ఇంకొక కుటుంబం కాగితాలు ఉన్నాయి. చార్లెస్ విల్బర్ అనే ఆయన 1893లో అస్వాన్‌లో కొన్నాడు. ఆయన పోయాక అవి పెట్టెలోనే ఉండిపోయి, 1947లో మ్యూజియానికి చేరాయి. అస్వాన్ ఎదురుగా ఎలిఫంటైన్ దీవిలో, పారసీకుల పాలనలో, యూదుల దళం ఒకటి కాపురాలతో సహా ఉండేది. వాళ్లు యాహో అని పిలిచే దేవుడికి అక్కడే గుడి కట్టుకున్నారు. ఆ గుడి పరిచారకుడు అనన్యా క్రీస్తుపూర్వం 449లో తాముతు అనే ఐగుప్తు స్త్రీని పెళ్లాడాడు. ఆమె మెషుల్లాము అనే యూదుడి ఇంట్లో బానిస.

పెళ్లిపత్రంలో ఆమె తెచ్చుకున్న సామాను రాశారు. ఒక ఉన్ని బట్ట, ఒక అద్దం, ఒక జత చెప్పులు, కొద్దిగా సుగంధతైలం, కాస్త ఆముదం. అంతే. ఎవరైనా విడిపోవాలనుకుంటే సభలో నిలబడి చెప్పవచ్చని రాశారు. ఆ హక్కు భర్తకు ఉన్నట్టే బానిస అయిన ఆమెకూ ఉంది. పెళ్లయిన 22 ఏళ్లకు, క్రీస్తుపూర్వం 427లో, మెషుల్లాము తన మరణం తరువాత ఆమెకూ ఆమె కూతురు యెహోయిష్మాకూ విడుదల అని ఇంకొక పత్రం రాశాడు. అప్పటిదాకా ఆమె భర్త ఉన్న ఇల్లాలు, ఇద్దరు బిడ్డల తల్లి, అయినా పరాయివాడి ఆస్తి.

యిర్మీయా 44లో ఐగుప్తులో కాపురమున్న యూదుల మాట వస్తుంది. అలా అక్కడ స్థిరపడ్డ యూదులు తరువాతి కాలంలో ఎలా బతికారో చూపే అద్దం ఈ కాగితాలు.

ఆదివారం_బడి (మంగళవారం, రాత్రి 9:50)

ఆముదం అన్నచోట ఆగిపోయాను. మా అమ్మ పెళ్లికి పుట్టింటివారు ఇచ్చిన సామానులో ఆముదం సీసా ఉందని చెప్పేది.

మట్టిపని (బుధవారం, రాత్రి 8:30)

ప్రాచీనలిపి గారిని ఒకటి అడగాలి. లెక్క తగ్గించకూడదని ఫరో అన్నాడు కదా. అప్పట్లో ఇటుకల లెక్క నిజంగా రాసేవారా? మా బట్టీలో భార్యాభర్తలు కలిసి కోస్తారు, సాయంత్రం మేస్త్రీ వరుసలు లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాడు. విరిగినవి తీసేస్తాడు. వాన పడితే ఆ రోజు కూలి పోయినట్టే.

ప్రాచీనలిపి (బుధవారం, రాత్రి 9:45)

రాసేవారు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో తోలు చుట్ట ఒకటి ఉంది, రెండో రామెసేసు అయిదో ఏటిది. నలభైమంది పెద్దల పేర్లు, ఒక్కొక్కరికి 2,000 ఇటుకల బాధ్యత, ఎదురుగా ఎన్ని అప్పగించారో లెక్క. చాలామందికి లెక్క నిండలేదు.

నిర్గమకాండములో దెబ్బలు తిన్నది ఎవరు? మొదట ఇశ్రాయేలీయుల నాయకులే. పైవాడు కిందివాడిని కొట్టలేదు, నడుమ ఉన్నవాడిని కొట్టాడు. ఆ తోలు చుట్ట చూస్తే ఆ ఏర్పాటు కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. పేరు ఉన్నది నడిమివాడిదే, లెక్క అడిగేది అతన్నే. మట్టి తొక్కినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

గడ్డి కరువు గురించి కూడా ఒక రాత ఉంది. దాదాపు అదే కాలపు పపైరస్‌లో, దూరపు సరిహద్దులో పడ్డ అధికారి ఒకడు, ఇక్కడ ఇటుకలు చేసే మనుషులూ లేరు, చుట్టుపక్కల గడ్డీ లేదు అని మొత్తుకున్నాడు. గడ్డి లేకపోతే పని నడవదని అధికారులకు కూడా తెలుసు. తెలిసే ఫరో ఆపాడు.

మట్టిపని (బుధవారం, రాత్రి 10:00)

మట్టి తొక్కినవాళ్ల పేర్లు లేవు అన్నారు. ఈ రోజు వరకూ లేవు అన్నగారూ. మేస్త్రీ పుస్తకంలో కుటుంబానికి ఒకటే పేరు, మగవాడిది. ఆడమనిషి చేసిన సగం పని అందులోనే కలిసిపోతుంది. మా అమ్మ పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

కర్నూలు_యోహాను (గురువారం, ఉదయం 6:40)

ఈ నాలుగు రోజులుగా చదివినదంతా మా యౌవనుల కూటంలో చెప్పాను. రుజువు అని అడిగి మొదలుపెట్టాను గాని, హాజరుపట్టీ చదివినప్పుడు అందరూ నిశ్శబ్దమయ్యారు. రథచక్రాల ఫోటో మా గుంపులోంచి తీసేశాను.

నా వంతుగా ఒకటి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఐగుప్తు మమ్మీ ఉంది. పదో తరగతిలో చూశాను. రెండువేల ఏళ్లకు పైబడినది. అప్పుడు భయం మాత్రమే వేసింది. ఆదికాండము 50లో యాకోబు శవాన్ని సుగంధద్రవ్యాలతో సిద్ధం చేయడానికి నలభై రోజులు, ఐగుప్తీయులు ఏడ్చింది డెబ్బై రోజులు అని ఉంది. ఆ డెబ్బై రోజుల లెక్క ఐగుప్తు రాతల్లోనూ ఉందని, నాట్రాన్ అనే ఉప్పులో శవాన్ని ఆరబెట్టేవారని ఈ మధ్య చదివాను. యోసేపు 110 ఏళ్లు బతికాడన్నది కూడా అలాంటిదేనట. ఐగుప్తీయులు నిండు జీవితం అంటే 110 ఏళ్లు అని ఆశీర్వదించేవారట. నిజమేనా అన్నయ్యా?

ప్రాచీనలిపి (గురువారం, ఉదయం 8:10)

నిజమే తమ్ముడూ, రెండూ. ఫోటో తీసేసినందుకు సంతోషం.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ చర్చలో వచ్చిన వస్తువులు పదమూడు వందల ఏళ్ల పొడవున చెదిరి ఉన్నాయి. షిఫ్రా పేరున్న జాబితాకూ రెఖ్మిరే గోడకూ నడుమ దాదాపు మూడువందల ఏళ్లు. తాముతు కాలానికి బబులోను చెర కూడా ముగిసిపోయింది. పిల్లలకు చెప్పేటప్పుడు ఒక తాడు కట్టి, వరుసగా కాగితాలు వేలాడదీయండి. లేకపోతే బైబిలు కాలం అంటే ఒకే రోజున జరిగినట్టు ఉంటుంది.

యోసేపు రంగుల అంగీ అడిగే పిల్లలు ఉంటారు. బెని హసన్‌లో ఖ్నుమ్‌హోతెప్ సమాధి గోడమీద, క్రీస్తుపూర్వం 1890 ప్రాంతంలో, ఆసియానుంచి వచ్చిన ఒక గుంపు బొమ్మ ఉంది. నాయకుడి పేరు అబిషా. మొత్తం 37 మంది వచ్చారని రాశారు, కళ్లకు పెట్టుకునే నల్లకాటుక రాయి తెచ్చారట. ఐగుప్తీయులు తెల్లని నార బట్టలో ఉంటే, వీళ్లు ఎరుపు, నీలం, తెలుపు చారలు నేసిన బట్టలు వేసుకున్నారు. ఒకడి చేతిలో తంతివాద్యం. గాడిదమీద ఇద్దరు పిల్లలు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. సామెతలు 23లో పాత పొలిమేర రాయి తీయవద్దు అని ఉంది. అమెనెమోపె అనే ఐగుప్తు లేఖకుడు కొడుక్కి చెప్పిన బుద్ధుల్లో కూడా పొలం హద్దురాయి జరపవద్దు, విధవరాలి హద్దు దాటవద్దు అని ఉంది. సామెతలు 22 నుంచి 23 మొదటి భాగం దాకా ఆ పుస్తకంతో చాలా దగ్గర పోలికలున్నాయి. గట్టు జరపడం ఎంతటి పాపమో మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆదివారం_బడి (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

బడి ఇప్పుడే అయింది. చేతికి మట్టి ఇంకా ఉంది.

సోమవారం సాయంత్రం ఆ పిల్లవాడి నాన్నగారే వచ్చి సాయం చేశారు. ఊరి బయట మాగాణిలో కోతలు అయిపోయాయి కాబట్టి పిల్లలను కొయ్యకాలు పీకి తెమ్మన్నాను. పావుగంటకే చేతులు కోసుకుపోయాయని వచ్చేశారు. ఒక గంపెడు కూడా కాలేదు. వాటిని తరగడానికి ఇంకొక గంట పట్టింది. రెండు ఇటుకలు అచ్చు వేశాం. ఆరు రోజులు బడి గోడమీద ఎండలో ఉంచాం.

ఈ ఉదయం పిల్లలు చూడగానే గడ్డి లేని ఇటుక అడ్డంగా రెండుచోట్ల చీలి ఉంది. ఒక చీలికలో వేలు దూరింది. గడ్డి వేసినది ఒక మూల కాస్త వంగింది గాని ఎక్కడా పగలలేదు. ఆ పిల్లవాడు రెండింటినీ చేతిలో పట్టుకుని బరువు చూశాడు. తరువాత వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి, "నువ్వు రోజుకు ఎన్ని కోస్తావు నాన్నా?" అని అడిగాడు. ఎప్పుడూ అడగలేదట.

ప్రాచీనలిపి గారూ, తాడు కట్టాను. ఎడారి_దారి గారూ, హాజరుపట్టీ చదివాను. తేలు కుట్టింది అనగానే అందరూ చేతులెత్తారు, ప్రతి ఇంట్లోనూ ఒక తేలు కథ ఉంది.

వచ్చే వారం షిఫ్రా, పూయా. మంత్రసాని_మనవరాలు అక్కా, ఆ అబైడోస్ ఇటుకమీది బొమ్మ ఎలా ఉంటుందో కాస్త రాయగలరా? ఒక అమ్మాయి గోడమీద గీస్తానంటోంది.

మంత్రసాని_మనవరాలు (ఆదివారం, సాయంత్రం 4:20)

తప్పకుండా. తల్లి కూర్చుని ఉంటుంది. బిడ్డను చేతుల్లో పట్టుకుని ఉంటుంది. ఆమెకు ఇరుపక్కలా ఆడవాళ్లు. కాన్పు కాచే దేవతగా వాళ్లు కొలిచిన హాతోరు తల గుర్తులు కూడా ఉంటాయి. ఇటుక అంచులమీద కీడు రాకుండా కాపాడే జంతువులు, దేవతల బొమ్మలు ఉంటాయి, రంగులు చాలావరకు చెరిగిపోయాయి.

పిల్లలు సాధారణంగా తల్లినీ బిడ్డనూ గీసి ఆపేస్తారు. పక్కన ఉన్న ఆడవాళ్లను వదిలేయవద్దని ఆ అమ్మాయికి చెప్పండి. ఒకామె వెనుకనుంచి నడుము పట్టుకోవాలి, లేకపోతే ఇటుకలమీద నిలవలేరు.